ఉర్దూ నేర్చుకునే తెలుగువాళ్ళకి ముందు ప్రశ్నలు నేర్పండి

తెలుగువాళ్ళ కోసం రాసిన ఉర్దూ పుస్తకాలు నేను చూసినంతవరకు ఒకే దారిలో నడుస్తాయి. మొదట అక్షరాలు. తరవాత "యే కితాబ్ హై, వో కలమ్ హై". ఆ వెంటనే పుంలింగం, స్త్రీలింగం. కుర్సీ ఎందుకు స్త్రీలింగమైందో, పంఖా ఎందుకు పుంలింగమైందో అర్థంకాక చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ప్రశ్నలు ఎప్పుడో పుస్తకం సగం దాటాక ఒక పట్టికలో కనిపిస్తాయి. క్యా అంటే ఏమిటి, కౌన్ అంటే ఎవరు, కబ్ అంటే ఎప్పుడు. అంతటితో ఆ పాఠం అయిపోతుంది.

ఈ వరస మనకి సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఉర్దూలో తెలుగువాడికి అన్నిటికంటే చేరువగా ఉన్న భాగం ప్రశ్నే. దాన్ని చివరికి నెట్టేసి, మనకి అన్నిటికంటే దూరంగా ఉన్న లింగభేదాన్ని ముందు పెట్టడం వల్లే "ఉర్దూ మనకి రాదులే" అనే మాట పుడుతోంది. నేను ఉర్దూ నేర్చుకున్నది పెద్దయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం క్లాసుల్లో. లింగం దగ్గర నాకూ చాలాకాలం టెన్షనే. నన్ను ఆ భాషలో నిలబెట్టింది ప్రశ్నలే.

ఎందుకంటున్నానో చూడండి. తెలుగులో ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఉర్దూలో యహాఁ, వహాఁ, కహాఁ. ఇటు, అటు, ఎటు అన్నచోట ఇధర్, ఉధర్, కిధర్. ఇంత, అంత, ఎంత అన్నచోట ఇత్‌నా, ఉత్‌నా, కిత్‌నా. ఇలాంటి, అలాంటి, ఎలాంటి అంటే ఐసా, వైసా, కైసా. దగ్గరిదానికి ఒక మొదలు, దూరందానికి ఒక మొదలు, తెలియనిదానికి ఒక మొదలు. మనకి ఇ, అ, ఎ. వాళ్ళకి మొదటిది ఇ, ఐ లేదా య, రెండోది ఉ లేదా వ, మూడోది ఎప్పుడూ క. మన "ఎ" ద్రావిడ భాషలది. వాళ్ళ "క" సంస్కృతంలోని కః, కిం, కదా నుంచి దిగింది. రెండు వేర్వేరు కుటుంబాలు, అయినా అమరిక ఒక్కటే. మూడేళ్ళ వయసులో మనం నేర్చుకున్న పద్ధతి ఇది. చిన్నపిల్లాడు "ఎక్కడ?" అని అడగగలిగిన రోజే అతనికి ఈ పట్టిక మొత్తం వచ్చేసినట్టు. ఉర్దూ పుస్తకం అదే పట్టికని మొదటి పేజీలో పెడితే, కొత్త భాషలో ఒక పెద్ద భాగం మనకి ముందే తెలుసన్న ధైర్యం వస్తుంది.

అమరిక దగ్గరే ఆగిపోదు. వాక్యంలో ప్రశ్నపదం కూర్చునే చోటు కూడా ఒకటే. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" "తుమ్ కహాఁ జా రహే హో?" జవాబు ఎక్కడ ఉంటుందో ప్రశ్నపదం అక్కడే ఉంటుంది, క్రియ చివర్న వస్తుంది. ఇంగ్లీషులోలాగా ప్రశ్నపదాన్ని లాక్కొచ్చి వాక్యం నెత్తిన పెట్టనక్కర్లేదు. ఇంగ్లీషు ద్వారా ఉర్దూ నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్క విషయాన్ని ఒంటబట్టించుకోవడానికి చాలా కష్టపడతారు. మనకి అది చెప్పాల్సిన విషయమే కాదు.

ఇంకా లోపలికి వెళ్తే దగ్గరతనం మరీ ఎక్కువ. పెళ్ళికి ఎవరెవరు వచ్చారు? షాదీ మేఁ కౌన్ కౌన్ ఆయా? ఏమేం కొన్నావు? క్యా క్యా ఖరీదా? ఎక్కడెక్కడ తిరిగావు? కహాఁ కహాఁ ఘూమే? ప్రశ్నపదాన్ని రెండుసార్లు అంటే జవాబు ఒకటి కాదని, ఒక్కొక్కటీ విడిగా చెప్పమని అర్థం. రెండు భాషల్లోనూ ఇదే. ఎందుకంటే అనే మాట చూడండి, ఎందుకు పక్కన అంటే చేరింది. ఉర్దూలో క్యోఁ పక్కన కి చేరి క్యోఁకి అయింది. కారణం చెప్పబోయే ముందు ఆ ప్రశ్నని మనమే వేసుకుని మొదలుపెట్టే అలవాటు ఇద్దరికీ ఉంది. "నాకేం?" అంటే "ముఝే క్యా?" "వాడెక్కడ వింటాడు?" అంటే "వో కహాఁ మాన్‌తా హై?" రెండోదాంట్లో ఎవరూ చోటు అడగడం లేదు, వాడు వినడనే అంటున్నారు. "ధనికులేమి, పేదలేమి, అందరూ వచ్చారు" అనే వాక్యాన్ని "క్యా అమీర్, క్యా గరీబ్, సబ్ ఆయే" అని పదం తరవాత పదం పెట్టి చెప్పేయొచ్చు. ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవి సమ్మేళనాల్లో, ఒక మంచి షేర్ (రెండు పాదాల పద్యం) పడగానే "క్యా కహ్‌నే!" అంటారు. మన సభల్లో "ఏం చెప్పాడండీ!" అంటాం. మెచ్చుకోవడానికి కూడా ఇద్దరం ప్రశ్నపదాన్నే పట్టుకుంటాం.

ఇంత పోలిక ఉందని చెప్పి తేడాలు దాచకూడదు. నిజమైన తేడాలు నాలుగైదే ఉన్నాయి, వాటి మీదే పాఠాలు ఎక్కువ సేపు నిలబడాలి. పుస్తకాలు వాటినే ఒక్కో వాక్యంలో తేల్చేస్తాయి.

మొదటిది క్యా. ఈ ఒక్క పదం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. "ఆప్ క్యా లిఖ్ రహే హైఁ?" అంటే మీరేం రాస్తున్నారు అని. అదే క్యాని ముందుకి తెచ్చి "క్యా ఆప్ లిఖ్ రహే హైఁ?" అంటే మీరు రాస్తున్నారా అని. మొదటిదానికి జవాబు ఉత్తరం, వ్యాసం, కథ ఏదైనా కావచ్చు. రెండోదానికి అవును, కాదు, అంతే. తెలుగులో ఈ రెండో పనికి ప్రత్యేకమైన పదమే లేదు, చివర ఒక "ఆ" చాలు. పైగా మన "ఆ" ఎక్కడికైనా వెళ్ళగలదు. నువ్వు నిన్న వరంగల్ వెళ్ళావా? నువ్వా నిన్న వరంగల్ వెళ్ళింది? నిన్నా నువ్వు వరంగల్ వెళ్ళింది? వరంగలా నువ్వు నిన్న వెళ్ళింది? సందేహం ఏ మాట మీద ఉంటే ఆ మాటకే ఆ అచ్చు అంటుకుంటుంది. ఉర్దూ క్యాకి ఇంత స్వేచ్ఛ లేదు. సందేహం ఎక్కడుందో ఆ మాటని ఒత్తి పలకాలి, లేదా నొక్కి చెప్పే "హీ" తగిలించాలి: "క్యా తుమ్ హీ గయే థే?" అంటే నువ్వేనా వెళ్ళింది అని. మాట్లాడేటప్పుడు వాక్యం మొదట్లో వచ్చే ఈ క్యాని చాలాసార్లు వదిలేసి గొంతు పైకి ఎత్తుతారు. "ఆప్ లిఖ్ రహే హైఁ?" రాతలో మాత్రం క్యా ఉంటేనే స్పష్టంగా ఉంటుంది.

రాత అన్నాను కాబట్టి ఒక మాట. ఉర్దూ లిపిలో క్యా అంటే కాఫ్, యే, అలిఫ్. కియా, అంటే "చేశాడు", కూడా సరిగ్గా ఆ మూడు అక్షరాలే. పొట్టి అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. "తుమ్ నే క్యా క్యా కియా?" అని రాస్తే ఒకే ఆకారం మూడుసార్లు వరసగా పడుతుంది. చదివేవాడు వాక్యం నడకని బట్టి మొదటి రెండూ ప్రశ్నలని, మూడోది క్రియ అని తేల్చుకోవాలి. ఇది పైకి భయపెట్టేలా ఉంటుంది కానీ, క్రియ చివర్నే ఉంటుందని మనకి ముందే తెలుసు కాబట్టి తెలుగువాడికి ఇది త్వరగా పట్టుబడుతుంది. నాకు ఉర్దూ లిపి మీద ప్రేమ కలిగింది ఇలాంటి చోట్లే.

రెండో తేడా కిస్. కౌన్ వెనక నే, కో, సే, కా, మేఁ లాంటి విభక్తులు రాగానే అది కౌన్‌గా ఉండదు, కిస్ అయిపోతుంది. కిస్ నే కహా? కిస్ కో దియా? కిస్ కా ఘర్? బహువచనంలో కిన్. ఇది మనకి వింత కాకూడదు. మనమూ ఏదికి అని అనం, దేనికి అంటాం. విభక్తి ముందు పదం రూపు మారడం తెలుగులో రోజూ చేసే పని. అసలు చిక్కు వేరే చోట ఉంది. మనం ఎవరితో, దేనితో అని మనిషినీ వస్తువునీ వేరు చేస్తాం. ఉర్దూ కిస్ దగ్గర ఆ గీత చెరిపేస్తుంది. కౌన్ అన్నా, క్యా అన్నా, విభక్తి ముందు రెండూ కిస్సే. అందుకే "కిస్ సే" అని వింటే ఎవరితోనా, దేనితోనా అన్నది సందర్భం చెప్పాలి. వస్తువైతే తేడా తెలియడానికి "కిస్ చీజ్ సే" అంటారు. ఈ కిస్సే "ఏ" కూడా అవుతుంది. ఏ ఊళ్ళో అంటే కిస్ గాఁవ్ మేఁ. ఏ రోజు అంటే కిస్ దిన్.

లింగం సంగతికొస్తే, అది ప్రశ్నల్లో కూడా దూరుతుంది కానీ ఇక్కడ భరించగలిగినంతే ఉంటుంది. కిత్‌నా పానీ, కిత్‌నీ చాయ్, కిత్‌నే లోగ్. ఎదురుగా ఉన్న మాటని బట్టి చివరి అచ్చు మారుతుంది. మనకి లింగం బదులు లెక్క ముఖ్యం. నీళ్ళు ఎన్ని, పాలు ఎన్ని, చక్కెర ఎంత, మనుషులు ఎంతమంది. ఉర్దూవాళ్ళు తెలుగు నేర్చుకునేటప్పుడు ఈ మూడింటి దగ్గర తడబడతారు, మనం అక్కడ కిత్‌నా, కిత్‌నీ దగ్గర తడబడతాం. "ఎన్నో తరగతి?" అనే మాటలో ఉన్న "ఎన్నో" లాంటి సౌకర్యం చాలా భాషలకి లేదు. ఉర్దూలో "కౌన్‌సీ జమాఅత్" అని ఏదితోనే పని జరుపుకుంటారు.

అన్నిటికంటే పెద్ద తేడా జ. నేను పైన మూడు వరసలే చెప్పాను. ఉర్దూలో నాలుగోది ఉంది. యహాఁ, వహాఁ, కహాఁ తరవాత జహాఁ. ఇత్‌నా, ఉత్‌నా, కిత్‌నా తరవాత జిత్‌నా. అబ్, కబ్‌లతోపాటు జబ్. ఇస్, ఉస్, కిస్, జిస్. ప్రశ్న వేయడానికి క, రెండు వాక్యాలని ముడివేయడానికి జ. "జిస్ కీ లాఠీ ఉస్ కీ భైంస్" అన్న సామెతలో కర్ర ఎవరిదో బర్రె వాళ్ళదే అనడానికి జిస్, ఉస్ జంట కావాలి. తెలుగుకి ఆ నాలుగో వరస లేదు. మనం ఆ పని కూడా ప్రశ్నపదంతోనే చేస్తాం. ఎవరు తీసిన గోతిలో వారే పడతారు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది. ఇక్కడ "ఎవరు", "ఎక్కడ" ప్రశ్నలు కావు, అయినా రూపం ప్రశ్నదే. అందుకే ఉర్దూ మాట్లాడే తెలుగువాడి నోట జహాఁ రావాల్సిన చోట కహాఁ వస్తుంది. దీన్ని తప్పని ఎర్ర సిరాతో దిద్ది వదిలేస్తే ఎప్పటికీ పోదు. తెలుగులో "ఎక్కడ" అని మొదలుపెట్టి, క్రియ చివర ఓ చేర్చి "అక్కడ"కి ముడివేసిన ప్రతిచోటా ఉర్దూకి జ కావాలి అని ఒక్కసారి చెబితే చాలు, పెద్దవాళ్ళు వారంలో పట్టుకుంటారు.

ఇదే ఓ మరో చోట కూడా ఉపయోగపడుతుంది. "ఎవరు వచ్చారో తెలియదు" అన్నప్పుడు, లోపలి ప్రశ్న అయిపోయిందని ఓ చెబుతుంది. ఉర్దూలో వరస తిరగబడుతుంది: "మాలూమ్ నహీఁ కౌన్ ఆయా". తెలియదు ముందు, ప్రశ్న తరవాత. "ఎవరు గెలుస్తారంటారు?" అని మనం ఒక్క ఊపులో అడిగేదాన్ని వాళ్ళు రెండు ముక్కలు చేస్తారు. "ఆప్ కా క్యా ఖయాల్ హై, కౌన్ జీతేగా?" ముందు క్యా వేసి అసలు ప్రశ్న వెనక వస్తోందని సూచించి, అప్పుడు కౌన్ వేస్తారు. ఈ క్యాకి సొంత జవాబు ఉండదు. నాకు ఉర్దూలో అన్నిటికంటే అందంగా కనిపించే నిర్మాణం ఇదే.

మాటల పుట్టుక గురించి కాస్త చెప్పుకోవాలి. ఉర్దూలో ఫార్సీ, అరబ్బీ మాటలు ఎంత ఎక్కువో అందరికీ తెలుసు. కానీ ప్రశ్నపదాలు మాత్రం ఈ నేలవే. రాజ్యం, కోర్టు, కవిత్వం, వంటిల్లు అన్నిటిలోకీ ఫార్సీ మాటలు వచ్చాయి, క్యా, కౌన్, కబ్‌ల చోటుని మాత్రం తీసుకోలేకపోయాయి. వచ్చిన ఫార్సీ ప్రశ్నలు వేరే వేషంలో మిగిలాయి. ఫార్సీలో చూన్ అంటే ఎలా, చరా అంటే ఎందుకు. ఉర్దూలో "బిలా చూన్-ఓ-చరా" అంటే మారుమాట్లాడకుండా అని. "ఏమంటావు" అనే ఫార్సీ మాట నుంచే గుసగుసలకి "చిమేగోయియాఁ" అనే పేరొచ్చింది. అరబ్బీలో కైఫ అంటే ఎలా. దాన్నుంచి కైఫియత్, అంటే ఎలా ఉందో ఆ వివరం, స్థితి. ఈ మాట మనకి బాగా తెలిసిందే. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన గ్రామ చరిత్రలని మనం కైఫియత్తులనే అంటాం. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు అనే ప్రశ్నలకి కరణాలు రాసిచ్చిన జవాబుల కట్టలకి, "ఎలా" అనే ప్రశ్న నుంచే పుట్టిన పేరు పడింది.

మర్యాద దగ్గర కూడా మన ఇద్దరికీ ఒక పోలిక ఉంది, దాన్ని పాఠ్యపుస్తకాలు అస్సలు పట్టించుకోవు. కొత్త మనిషిని "ఆప్ కౌన్ హైఁ?" అని అడగడం వ్యాకరణం ప్రకారం సరైనదే, కానీ మొరటు. "ఆప్ కీ తారీఫ్?" అంటారు, లేదా "ఇస్మ్-ఎ-షరీఫ్?" అంటారు. అందులో ప్రశ్నపదమే ఉండదు, గొంతు ఒక్కటే పైకి లేస్తుంది. మన పెద్దలు "తమరు...?" అని సాగదీసి ఆపేసేవాళ్ళు, అది ఇదే పద్ధతి. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని, "దూరమా?" అని అడగాలని ఇంట్లో నేర్పేవాళ్ళు. సూటి ప్రశ్న ఎదుటివాడి మీద బరువు పెడుతుందని రెండు సమాజాలూ గ్రహించాయి. ఉర్దూ పాఠంలో "ఆప్ కా నామ్ క్యా హై?" పక్కనే "ఆప్ కీ తారీఫ్?" కూడా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక హైదరాబాదు. ఈ వ్యాసం రాయడానికి నాకు అసలు కారణం ఇక్కడుంది. హైదరాబాదీ దఖ్ఖనీని, అంటే ఇక్కడ వాడుకలో ఉన్న దక్కను ఉర్దూని, వినగానే చాలామంది నవ్వుతారు. అది పాడైపోయిన ఉర్దూ అని, తెలుగువాళ్ళ మధ్య ఉండి చెడిపోయిందని అంటారు. నేను చేరిన క్లాసులో కూడా ఒక విద్యార్థి "కైకు" అనగానే, "అది భాష కాదు, క్యోఁ అనాలి" అని మందలించారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది, ఇప్పటికీ కోపంగానే ఉంది.

కైకు అంటే ఏమిటి? పాత మాట కాహే కో. కాహే అంటే "ఏమి"కి విభక్తి ముందు వచ్చే పాత రూపం, కో అంటే కు. మన ఎందుకు కూడా అచ్చంగా అలాగే కట్టిన మాట, ఎందు పక్కన కు. పుస్తకాల క్యోఁకి లేని ఈ తేటదనం దఖ్ఖనీ కైకుకి ఉంది. కైకు బోలేతో అంటే ఎందుకంటే, ఒక్కో ముక్కకి ఒక్కో ముక్క. ఇంతకు ముందు చెప్పిన ఓ గుర్తుంది కదా, "ఎవరు వచ్చారో తెలియదు" అన్నచోట? దఖ్ఖనీలో "కౌన్ ఆయే కీ మాలూమ్ నై". ప్రశ్న ముందు, తెలియదు తరవాత, మధ్యలో మన ఓ చేసే పనిని కీ చేస్తోంది. క్యా కీ అంటే ఏమో. కౌన్ కీ అంటే ఎవరో. "ఆతూఁ బోల్కే బోలా" అంటే వస్తానని అన్నాడు, మన "అని" స్థానంలో బోల్కే. మనకి లేని జ వరసని కూడా దఖ్ఖనీ చాలాచోట్ల పక్కన పెట్టింది. "జో కితాబ్ తుమ్ లాయే" అనే బదులు "తుమ్ లాయే సో కితాబ్" అంటారు, నువ్వు తెచ్చిన పుస్తకం. తెలుగుతో కలిసి బతకడం వల్ల దఖ్ఖనీ వాక్యం ఇలా మారిన తీరు గురించి హరబీర్ అరోరా, కె.వి. సుబ్బారావు లాంటి భాషాశాస్త్రవేత్తలు శ్రద్ధగా రాశారు.

ఇందులో చెడిపోయింది ఏమిటి? ఉర్దూ మాటలు తెలుగు వాక్యంలో నడుస్తున్నాయి. శతాబ్దాలపాటు రెండు భాషలవాళ్ళు ఒకే బజారులో బేరమాడి, ఒకే వీధిలో పిల్లల్ని పెంచి, ఒకరినొకరు రోజూ ప్రశ్నలడిగితే తప్ప ఇది జరగదు. గోల్కొండని ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా తన కవిత్వం దఖ్ఖనీలో రాసుకున్నాడు. అప్పుడు అది రాజు నోటి భాష. ఇప్పుడు దాన్ని ఆటో స్టాండు భాష అని తీసిపారేసేవాళ్ళకి, అందులో ఉన్న వ్యాకరణం తమదేనని తెలియకపోవడం నన్ను కలచివేస్తుంది. ఢిల్లీ, లక్నోల ఉర్దూ నేర్చుకోవద్దని నేను అనడం లేదు. కవిత్వం చదవాలన్నా, పత్రిక చదవాలన్నా అది కావాలి. కానీ తెలుగువాడు దాని దగ్గరికి దఖ్ఖనీ మీదుగా వెళ్తే సగం దూరం ముందే గడిచిపోయి ఉంటుంది.

తెలంగాణలో 2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అదే జరిగింది. ఆఫీసుల బోర్డుల మీద ఆ లిపి కనిపిస్తోంది, కింద నిలబడ్డ తెలుగువాళ్ళలో ఎక్కువమంది దాన్ని చదవలేరు. వాళ్ళ కోసం ఎవరైనా కొత్తగా పుస్తకం రాస్తే నా కోరిక ఇది. మొదటి పాఠంలో ఇక్కడ, అక్కడ, ఎక్కడ పక్కన యహాఁ, వహాఁ, కహాఁ పెట్టండి. రెండో పాఠంలో క్యాని వాక్యం ముందూ మధ్యలోనూ పెట్టి రెండు అర్థాలూ వినిపించండి. మూడో పాఠంలో కౌన్ కౌన్, క్యా క్యా, ముఝే క్యా. కైకునీ క్యోఁనీ ఒకే గీత మీద రాసి, ఏది ఎక్కడ వాడతారో చెప్పండి. ఆ తరవాత కిస్, ఆ తరవాత జ. కుర్సీ, పంఖాల గొడవ ఆరో పాఠం దాకా ఆగగలదు.